కర్మాగారము – కార్మికుని మనస్సు

హైదరాబాదు పరిసరములలో బొల్లారం అను పేరు గల చోట్లు రెండున్నవి. ఒకటి సికిందరాబాదు కంటోన్మెంటును ఆనుకొని ఉన్నది. రాష్ట్రపతి నిలయము అక్కడనే కలదు. రెండవది పటాన్‌చెరువుకు తూర్పున, పూర్వపు మెదక్ జిల్లా జిన్నారం మండలములోని ఊరు. 2016లో జిల్లాల విభజన జరిగినప్పుడు ఇది సంగారెడ్డి జిల్లాలో చేరినది. మొదటి బొల్లారం అనగానే తోటలు, దండు బంగళాలు జ్ఞప్తికి వచ్చును. రెండవది అనగానే రసాయనముల వాసన జ్ఞప్తికి వచ్చును. మనమిప్పుడు ముచ్చటించునది ఈ రెండవ బొల్లారమును గురించి.

చెరువుల క్రింద వరి, మెట్టలో జొన్న పండించుకొను ఈ పల్లెసీమ 1970 దశకములో పారిశ్రామికవాడగా మారసాగినది. 1973లో ఆంధ్రప్రదేశ్ పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థ ఏర్పడినది. మెదక్ వెనుకబడిన జిల్లా అగుటచే, అక్కడ కర్మాగారములు పెట్టువారికి ప్రభుత్వము రాయితీలిచ్చినది. పటాన్‌చెరువు, పాశమైలారం, బొల్లారం, కాజిపల్లి, గడ్డపోతారం, బొంతపల్లి – ఈ పేర్లన్నియు అట్లు లోకమునకు తెలిసినవే. అంతకు ముందే సోవియట్ సహకారముతో బాలానగరములో ఐ.డి.పి.ఎల్. వారి ఔషధ కర్మాగారము వెలసినది. 1970 నాటి పేటెంట్ల శాసనము 1972లో అమలులోకి వచ్చి, మందు మీద గాక మందును తయారుచేయు పద్ధతి మీద మాత్రమే పేటెంటును అనుమతించినది. ఐ.డి.పి.ఎల్.లో పని నేర్చినవారు బయటికి వచ్చి స్వంత కర్మాగారములు పెట్టుకొనుటకు దారి ఏర్పడినది. 1984లో స్వంత సంస్థను స్థాపించిన డాక్టర్ కల్లం అంజిరెడ్డి అట్టివారిలో ఒకరు. ఆయన సంస్థ తొలి కర్మాగారములు కొన్ని బొల్లారములోనివే.

ఈ పరిశ్రమలు నేలకు, నీటికి చేసిన హాని లోకవిదితము. 1990లో ఈ విషయము సుప్రీంకోర్టు వరకు పోయినది. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పటాన్‌చెరువు–బొల్లారం ప్రాంతమును మిక్కిలి కలుషితమైన ప్రాంతములలో ఒకటిగా లెక్కించినది. అనగా వాగులో ఏమి పారుచున్నదో కొలిచినారు. కర్మాగారములోని గాలిలో టోలీన్ ఆవిరి ఎంత ఉండవచ్చునో కూడ శాసనము చెప్పినది: ఎనిమిది గంటల సగటున పది లక్షల పాళ్లలో 100 పాళ్లు. చప్పుడును డెసిబెల్లులలో కొలుచుచున్నారు. మరి రాత్రి మూడు గంటలకు రియాక్టరు ప్రక్కన నిలుచున్న మనిషి వరుసగా ఎన్ని రాత్రులు మేలుకొన్నాడు? రేపు తన పని ఉండునా, ఊడునా అన్న బెంగ అతనికి ఎంత ఉన్నది? ఏదైనా తేడా కనబడినప్పుడు పైవానితో చెప్పుటకు నోరు వచ్చునా, రాదా? వీనిని కొలువవచ్చునా?

కొలువవచ్చును. ఇవియును అపాయములే. వీనిని నేడు మానసిక–సామాజిక అపాయములు అందురు. ఆ అపాయము పుట్టునది పనివాని బుద్ధిలో కాదు, పని ఏర్పాటులో. ఈ చిన్న మాట తెలిసికొనుటకు లోకమునకు సుమారు మూడు వందల సంవత్సరములు పట్టినది. ఆ కథను కొంత చూతము.

1700లో ఇటలీలోని మోడెనా నగరమున బెర్నార్డినో రామజీని అను వైద్యుడు పనివారి జబ్బుల మీద ఒక గ్రంథము ప్రకటించినాడు. వైద్యుడు రోగిని అడుగవలసిన ప్రశ్నలకు తోడు మరొక ప్రశ్న చేర్చవలెనని ఆయన సలహా: నీవు చేయు పని యేమి? ఈనాటికిని మన ఆసుపత్రులలో చాలచోట్ల ఈ ప్రశ్న వినబడదు! వృత్తి నుండి వ్యాధి పుట్టునని ఆయన నిరూపించినాడు గాని, వృత్తి మనస్సును చెరచు విధమును స్పష్టముగా చూపినవాడు 1856లో పారిస్ వైద్యుడు ఆగస్తు దెల్పెష్. రబ్బరును గట్టిపరచుటకు కార్బన్ డైసల్ఫైడు అను ద్రవమును వాడెడివారు. దాని ఆవిరి పీల్చిన పనివారికి తలనొప్పి, పీడకలలు, పట్టరాని కోపము, ఒక్కొక్కప్పుడు పూర్తి ఉన్మాదము కలుగుచుండెను. ఇంగ్లండులోని అట్టి కర్మాగారములలో పనివారు పిచ్చి ఆవేశములో క్రిందికి దుమకకుండ కిటికీలకు ఇనుప చువ్వలు పెట్టిరట! ఆవిరిని తీసివేయుటకు బదులు కిటికీకి చువ్వలు. పాఠకులు ఈ చువ్వలను మరువకుందురు గాక. వాని ప్రసక్తి మరల రాగలదు.

మందుల తయారీలో టోలీన్, మెథనాల్, ఎసిటోన్ వంటి ద్రావణులు బిందెలతో కాదు, టాంకరులతో ఖర్చగును. టోలీన్ వంటివాని ఆవిరి ఏండ్ల తరబడి పీల్చినచో జ్ఞాపకశక్తి, ఏకాగ్రత, మనోభావములు దెబ్బతినునని 1970 దశకములో స్కాండినేవియా దేశములలోని రంగులు వేయువారిని పరీక్షించినప్పుడు బయటపడినది. కాబట్టి కర్మాగారము నుండి మనస్సునకు పోవు మొదటి దారి ముక్కు. ఈ దారిని మూయుట ఇంజనీరుకు తెలిసిన విద్యయే: మూతలు, గొట్టములు, గాలి మార్పిడి.

రెండవ దారి కంటికి కనబడదు గనుక దానిని కనుగొనుట ఆలస్యమైనది. మొదటి ప్రపంచ యుద్ధములో బ్రిటన్‌లోని మందుగుండు కర్మాగారములు పగలు రాత్రి నడిచినవి. ఆదివారము లేదు. ఎంతసేపు పనిచేయించిన అంత సరకు వచ్చునని యజమానులు తలచినారు. 1915లో నియమించిన సంఘము తరపున హెచ్. ఎం. వెర్నన్ ప్రభృతులు లెక్కలు తీయగా ఇది తారుమారైనది. గంటలు తగ్గించినచోట ఉత్పత్తి పడిపోలేదు, ప్రమాదములు మాత్రము తగ్గినవి. 1918లో అలసటను గురించి పరిశోధించుటకే ఒక ప్రత్యేక మండలి ఏర్పడినది. అలసట అనునది సోమరితనమునకు మారుపేరు కాదని శాస్త్రము ఒప్పుకొన్న సందర్భమిది.

మన దేశములో ఇదే కాలమున పనిగంటలు శాసనము ద్వారా మెల్లగా తగ్గినవి. వారమునకు 1922లో 60 గంటలు, 1934లో 54 గంటలు, 1946లో 48 గంటలు అయినవి. 1948 నాటి ఫ్యాక్టరీల శాసనము దినమునకు 9 గంటలు మించరాదన్నది. అయిదు గంటల కొకసారి అరగంట విశ్రాంతి ఉండవలెనన్నది. అదనపు పనికి రెట్టింపు కూలి అన్నది. ఆ అదనపు పనియైనను మూడు నెలలలో 50 గంటలు దాటరాదన్నది. 250 మందికి మించినచోట క్యాంటీను, 500 మంది ఉన్నచోట సంక్షేమాధికారి ఉండవలెనన్నది. మానసికారోగ్యము అన్న మాట ఆ శాసనములో ఎక్కడను లేదు. అయినను ఈ సెక్షన్లన్నియు మనస్సును కాపాడు సెక్షన్లే.

అమెరికాలో 1924 నుండి 1932 వరకు చికాగో సమీపమున హాథార్న్ కర్మాగారములో జరిగిన ప్రయోగములను గురించి మేనేజిమెంటు పుస్తకములన్నియు వ్రాయును. దీపముల వెలుగు పెంచినను, తగ్గించినను ఉత్పత్తి పెరిగినదనియు, తమను ఎవరో గమనించుచున్నారన్న భావమే దానికి కారణమనియు ప్రచారము. ఆ లెక్కలను తరువాతివారు తిరుగవేసి చూడగా అంత గట్టిగా నిలువలేదు. దానిని ఇంతటితో వదలి, మన దేశములోనే జరిగిన మరింత విలువైన ప్రయోగమును చూతము.

ఇంగ్లండులోని బొగ్గు గనులలో పూర్వము చిన్న చిన్న జట్లు ఒక చోటనుండి బొగ్గును తవ్వి, ఎత్తి, ఆ చోటును కట్టుదిట్టము చేయు పనులన్నిటిని తామే చూచుకొనెడివి. కొత్త యంత్రములు వచ్చి పొడవైన బొగ్గుగోడను ఒకేసారి కోయు పద్ధతి పెట్టిరి. ఒక షిఫ్టు కోయును, రెండవది ఎత్తును, మూడవది సర్దును. ఒకరి మొగము ఒకరెరుగరు. తప్పు జరిగిన ముందటి షిఫ్టువారి మీద పెట్టుదురు. యంత్రము గొప్పదే గాని సెలవులు, కలహములు, మనోవ్యాధులు పెరిగినవి. లండను టావిస్టాక్ సంస్థకు చెందిన ఎరిక్ ట్రిస్టు, తాను స్వయముగా గనిలో పనిచేసిన కెన్ బాంఫోర్తు – వీరిరువురు 1951లో ప్రకటించిన వ్యాసము దీనికి కారణమును చెప్పినది: కొత్త యంత్రమునకు తగినట్లు మనుషులను విడగొట్టినారు, మనుషులకు తగినట్లు పనిని కూర్చలేదు.

అదే సంస్థకు చెందిన ఏ. కె. రైస్ 1953లో అహమ్మదాబాదు వచ్చినాడు. సారాభాయి వారి కాలికో మిల్లులో ఆటోమేటిక్ మగ్గములు పెట్టినారు. యంత్రములు కొత్తవైనను నేత మెరుగుపడలేదు. చెడిన గుడ్డ ఎక్కువగా వచ్చుచున్నది. రైస్ పోయి చూచెను. ఆ షెడ్డులో 29 మంది. వారు చేయు పనులు 12 రకములు. పోగు అతుకువాడొకడు, నూనె పోయువాడొకడు, కండెలు నింపువాడొకడు. ఒక్కొక్కడు వేర్వేరు సంఖ్యలో మగ్గములను చూచుచు, ఎవరి క్రింద ఎవరున్నారో తెలియక తికమకపడుచున్నారు. ఏడుగురు గల జట్టు ఒక్కొక్కటి 64 మగ్గములకు పూర్తి బాధ్యత వహించునట్లు మార్చవచ్చునా అని రైస్ ఒక ఆలోచన చెప్పినాడు. విశేషమేమనగా, ఆ ఆలోచనను పనివారే చేతిలోనికి తీసికొని, తమ జట్లను తామే ఏర్పరచుకొన్నారు. కొలది కాలములో ఉత్పత్తి పెరిగినది, చెడు గుడ్డ తగ్గినది. ఎవరికిని ధైర్యవచనములు చెప్పలేదు, ఎవరికిని ధ్యానము నేర్పలేదు. పని కూర్పు మారినది, అంతే.

ఈ కథకు ఒక చేదు తోక కూడ ఉన్నది. 1970లో ఎరిక్ మిల్లర్ మరల పోయి చూడగా, ఒక షెడ్డులో జట్టు పద్ధతి చెక్కుచెదరక నిలిచి ఉన్నది. మిగిలినచోట్ల అది కరగిపోయి పాత పద్ధతే తిరిగి వచ్చినది. మంచి ఏర్పాటును కూడ అప్పుడప్పుడు చూచి సరిదిద్దు దిక్కు లేకపోయినచో అది నిలువదు.

1979లో అమెరికా పరిశోధకుడు రాబర్టు కారసెక్ ఈ అనుభవములను ఒక సూత్రముగా మలచినాడు. పని బరువు ఒక వైపు, పని మీద చెల్లుబాటు మరొక వైపు. బరువు ఎక్కువైనను, ఎట్లు చేయవలెనో నిర్ణయించుకొను చెల్లుబాటు ఉన్నవాడు తట్టుకొనును, పైగా నేర్చుకొనును. బరువు ఎక్కువ, చెల్లుబాటు సున్న అయినప్పుడే మనిషి క్రుంగును. 1988లో జెఫ్రీ జాన్సన్, ఎలెన్ హాల్ దీనికి తోడు అను మూడవ అంశమును చేర్చిరి: ప్రక్కవాని సాయము, పైవాని ఆదరువు. 1996లో జర్మనీకి చెందిన యోహానెస్ సీగ్రిస్టు శ్రమకు, ప్రతిఫలమునకు గల తేడాను కొలిచినాడు. ప్రతిఫలమనగా కూలి మాత్రమే కాదు, మర్యాద, ఉద్యోగ స్థిరత్వము కూడ. ఇంగ్లండులో ప్రభుత్వోద్యోగుల మీద 1985లో ప్రారంభమైన రెండవ వైట్‌హాల్ పరిశోధనలో, చెల్లుబాటు తక్కువ గలవారికి గుండెజబ్బు ఎక్కువగా వచ్చునని తేలినది. పెద్ద అధికారికే ఒత్తిడి ఎక్కువ అన్న లోకాభిప్రాయము ఇక్కడ తలక్రిందులైనది.

ఇప్పుడు ఈ కొలబద్దలతో బొల్లారం వైపు చూతము.

మందుల కర్మాగారములో పని జట్టు మగ్గము వంటిది కాదు. ఒక బ్యాచి ప్రారంభమైన తరువాత అది గంటల తరబడి నడువవలసినదే. ఉష్ణోగ్రత రెండు మూడు డిగ్రీలు తప్పిన సరకు పాడగును. ఒక్కొక్క చర్యలో ప్రాణములకే ముప్పు. కాబట్టి పని బరువు అనగా ఇక్కడ బస్తాలెత్తుట మాత్రమే కాదు, రెప్ప వాల్చకుండుట. ప్రతి అడుగు బ్యాచి రికార్డులో ఆ క్షణముననే వ్రాయవలెను. అమెరికాకు మందులు పంపు కర్మాగారములకు ఆ దేశపు తనిఖీదారులు వచ్చి, కొట్టివేత కనబడిన ఎందుకని అడుగుదురు. ఇది రోగి క్షేమమునకు అవసరమే. కాని తప్పు వ్రాసినవానిని శిక్షించుటయే అలవాటైనచోట పనివాడు తప్పును దాచుట నేర్చుకొనును. రసాయన కర్మాగారములో దాచిన తప్పు ఎక్కడో ఒకచోట పేలును.

షిఫ్టుల సంగతి మరొకటి. మన శరీరములో ఒక గడియారము కలదు. దాని యంత్రాంగమును కనుగొన్న ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2017లో నోబెల్ బహుమతి వచ్చినది. తెల్లవారుజామున శరీరోష్ణము అన్నిటికంటె తక్కువగా ఉండును, చురుకుదనము కూడ అంతే. త్రీమైల్ ఐలండ్ అణు ప్రమాదము 1979లో ఉదయము నాలుగు గంటల వేళ జరిగినది. భోపాల్ విషవాయువు 1984 డిసెంబరు 2వ తేదీ రాత్రి తెల్లవారితే 3 అనగా వెడలినది. చెర్నోబిల్ 1986లో రాత్రి ఒంటిగంట దాటిన తరువాత పేలినది. వీనికి కారణము నిద్రమత్తు ఒక్కటే అనుట సరికాదు. భోపాల్‌లో పాడుపడిన రక్షణ యంత్రములే ప్రధాన దోషము. అయినను, చెడిన యంత్రమును చివరి క్షణములో పట్టుకొనవలసినది మనిషి గదా! తరువాతి షిఫ్టువాడు రాకపోయిన మొదటివాడే కొనసాగుట – దీనిని పారిశ్రామికవాడలలో డబుల్ డ్యూటీ అందురు. పదహారవ గంటలో ఉన్న ఆ మనిషి చేతిలోనే కవాటము ఉండును. వారమునకు 55 గంటలు, అంతకు మించి పనిచేయువారికి, 35–40 గంటలు పనిచేయువారి కంటె పక్షవాతపు ముప్పు 35 శాతము, గుండెజబ్బు మరణపు ముప్పు 17 శాతము ఎక్కువ అని 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి లెక్క తేల్చినవి.

మూడవది ఉద్యోగ స్థిరత్వము. ఐ.డి.పి.ఎల్.లో ఉద్యోగులకు కాలనీ ఉండెను, యూనియన్ ఉండెను, ఉద్యోగము పదవీ విరమణ దాక ఉండునన్న నమ్మకముండెను. ఆ సంస్థ 1992లో ఖాయిలా పరిశ్రమగా ప్రకటింపబడినది. తరువాత పెరిగిన ప్రైవేటు పరిశ్రమలో కాంట్రాక్టు పద్ధతి ప్రబలినది. ఒరిస్సా, బీహారు, ఉత్తరప్రదేశ్, మన శ్రీకాకుళము నుండి వచ్చినవారు ఎందరో మేస్త్రీ చేతి క్రింద పని చేయుదురు. అతని దృష్టిలో యజమాని ఎవరు? కర్మాగారమా, కాంట్రాక్టరా? కష్టము చెప్పుకొనవలసినది ఎవరితో? సీగ్రిస్టు తక్కెడలో ఈ స్థితి ఎటు మొగ్గునో వేరుగా చెప్పనక్కరలేదు.

భోపాల్ తరువాత 1987లో ఫ్యాక్టరీల శాసనమును సవరించి, ప్రమాదకర పరిశ్రమలకు ప్రత్యేకాధ్యాయము చేర్చిరి. ఆ జాబితాలో మందుల పరిశ్రమ ఉన్నది. ఆ అధ్యాయములో రెండు గొప్ప మాటలున్నవి: కార్మికులు, యాజమాన్యము సమసంఖ్యలో కూర్చుండు రక్షణ సంఘము ఒకటి, ప్రాణాపాయము పొంచి ఉన్నదని తోచినప్పుడు దానిని తెలియజేయు హక్కు కార్మికునికి కలదనుట రెండవది. కారసెక్ చెప్పిన చెల్లుబాటు ఇదే. కాని కాగితము మీది హక్కును వాడుకొనుటకు ధైర్యము కావలెను. మేస్త్రీ రేపు రావద్దన్న గతి ఏమి అని భయపడువాడు నోరు మెదపడు. కనుక మనోభయము కార్మికుని స్వంత విషయము మాత్రమే కాదు, కర్మాగారమంతటి రక్షణకు సంబంధించినది.

2025 జూన్ 30న బొల్లారమునకు ఎంతో దూరము లేని పాశమైలారములో ఒక ఔషధ సంబంధమైన కర్మాగారము పేలి 40 మందికి పైగా చనిపోయినారు. వారిలో పరరాష్ట్రములవారు చాలమంది. అట్టి ప్రమాదము నుండి బయటపడి మరల అదే తరహా యంత్రము వద్ద నిలువవలసినవాని మనస్సు ఎట్లుండును? కాలిన చేతికి కట్టు కట్టుదురు; ఈ గాయమునకును చికిత్స ఉన్నదని ప్రమాద చికిత్సా పద్ధతులలో ఇంకను పూర్తిగా చేరలేదు.

అపాయమును అంచనా వేయు పద్ధతికి వత్తము. 2004లో బ్రిటన్ ఆరోగ్య రక్షణ శాఖ ఆరు అంశములతో, 35 ప్రశ్నలతో ఒక కొలమానము ప్రకటించినది: పని బరువు, చెల్లుబాటు, తోడు, సంబంధములు, తన పాత్రలో స్పష్టత, మార్పులు జరుపు తీరు. జపానులో అతిశ్రమ వలన మరణించుటకు కరోషి అను పేరే పుట్టినది. అక్కడ 2015 డిసెంబరు నుండి 50 మందికి తక్కువ కాని ప్రతి కార్యాలయములోను ఏటేటా ఒత్తిడి పరీక్ష జరుపవలెనన్న చట్టము అమలగుచున్నది. ఎవరి ఫలితము వారికే అందును. అతని సమ్మతి లేనిదే యజమానికి చూపరాదు. ఈ నియమము లేనిదే ఎవ్వడును నిజము వ్రాయడు. 2021లో అంతర్జాతీయ ప్రమాణముల సంస్థ 45003 అను సంఖ్యతో ఈ విషయమునకే ప్రత్యేకమైన మార్గదర్శకమును వెలువరించినది. 2022 సెప్టెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ, పని ఏర్పాటునే మార్చు చర్యలను సిఫారసు చేసినది.

బొల్లారములో ప్రారంభించుటకు ప్రశ్నావళి కూడ అంత తొందరగా అక్కరలేదు. హాజరు పుస్తకము, అదనపు పని పుస్తకము, ప్రమాదముల పుస్తకము – ఇవి మూడును కర్మాగారములలో ఉండవలసినవే. చిన్న ప్రమాదములు ఏ గంటలో జరుగుచున్నవి? అవి డబుల్ డ్యూటీ దినములతో కలియుచున్నవా? ఏ విభాగములో మనుషులు నిలువక వెళ్లిపోవుచున్నారు? ఇంత చూచిన తరువాత ప్రశ్నలడుగవచ్చును. తెలుగుతో పాటు హిందీలోను, ఒరియాలోను, పేరు వ్రాయనక్కర లేకుండ, కాంట్రాక్టువారిని విడువక. తరువాత చేయవలసిన పనులలో వరుస ఉన్నది. మొదట మూలము: షిఫ్టుకు ఒక మనిషిని అదనముగా పెట్టుట, వరుస రాత్రులు తగ్గించుట, మేస్త్రీ అధికారమునకు హద్దు గీయుట. పిదప షిఫ్టు ఇన్‌ఛార్జీకి మనుషులతో మాటలాడు శిక్షణ. చివరను వ్యక్తికి సలహా, వైద్యము. అనేక సంస్థలు ఈ వరుసను తిరుగవేసి, ఏడాదికొక యోగ దినము, గోడకొక ఫోను నంబరు పెట్టి ఊరకుండును. యోగము మంచిదే. కాని ఆవిరిని వదలి కిటికీకి చువ్వలు పెట్టిన ఆ పాత యజమానులు జ్ఞప్తికి రాకపోరు.

2025 నవంబరు 21 నుండి 1948 నాటి శాసనము స్థానములో 2020 నాటి వృత్తి భద్రత, ఆరోగ్య స్మృతి అమలులోకి వచ్చినది. వైద్యుడు ప్రభుత్వమునకు తెలుపవలసిన 29 వృత్తి వ్యాధుల పట్టిక అందులో ఉన్నది. దెల్పెష్ 1856లో పట్టుకొన్న కార్బన్ డైసల్ఫైడు విషము ఆ పట్టికలో ఉన్నది. పని ఏర్పాటు వలన కలుగు మనోవ్యాధి ఒక్కటియు లేదు. రక్షణ సంఘము మాత్రము కొత్త స్మృతిలోను నిలిచియున్నది. షిఫ్టు వరుసను, డబుల్ డ్యూటీ లెక్కను ఆ సంఘము ముందు పెట్టుటకు ఏ సెక్షనును అడ్డు రాదు.